పేర్లు తొమ్మిది, మనుషులు నలుగురు

ఈసారి బెంగళూరు పాఠకుల ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి మీద వచ్చాయి: సొంత డొమైన్ పేరుతో మెయిల్, అంటే @ తర్వాత జీమెయిల్ బదులు మీ షాపు పేరో సంస్థ పేరో ఉండే ఐడీ. ఎంత కట్టాలి, లిమిట్ ఎక్కడ తగులుతుంది, పంపింది ఎందుకు చేరడం లేదు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాం. ధరలు మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు ఆ కంపెనీ ఇండియా పేజీలో రూపాయల ధర చూసుకోండి.

ప్రశ్న: చిక్‌పేటలో మాది హోల్‌సేల్ చీరల షాపు. ధర్మవరం, వెంకటగిరి సరుకు. ఇన్ఫో, సేల్స్, ఆర్డర్స్, అకౌంట్స్, రిటర్న్స్ ఇలా మొత్తం తొమ్మిది మెయిల్ ఐడీలు కావాలంటే, ఐడీకి నెలకు 200 రూపాయల చొప్పున తొమ్మిదింటికీ కోట్ ఇచ్చారు. మెయిల్ చూసేది నేనూ, మా తమ్ముడూ, ఇద్దరు స్టాఫూ అంతే. తొమ్మిదీ కొనాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదండి. ఈ కంపెనీలు డబ్బు తీసుకునేది లాగిన్ లెక్కన, పేరు లెక్కన కాదు. మీ దగ్గర లాగిన్ అయ్యేవాళ్లు నలుగురు, కాబట్టి లైసెన్సులు నాలుగు చాలు. మీకొచ్చిన కోట్ ప్రకారం తొమ్మిదింటికి ఏడాదికి 21,600 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 3,888 కలిపితే 25,488. నాలుగింటికైతే 9,600, జీఎస్టీ 1,728, మొత్తం 11,328. ఏటా 14,160 రూపాయలు మిగులుతాయి. ఆ డబ్బుతో ఏం వస్తుందో మీ షాపులోనే తెలుస్తుంది.

మిగతా అయిదు పేర్లకు రెండు దారులున్నాయి. ఒక్కరే చూసే పేరును (అకౌంట్స్ లాంటిది) ఆ మనిషి మెయిల్‌బాక్స్‌కు ఎలియాస్‌గా తగిలించండి. ఎలియాస్ అంటే మారుపేరు. దానికి వేరే లాగిన్, వేరే పాస్‌వర్డ్ ఉండవు, వచ్చిన మెయిల్ అసలు మెయిల్‌బాక్స్‌లోనే పడుతుంది. గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఒక యూజర్‌కు 30 దాకా ఎలియాస్‌లు ఉచితం, మైక్రోసాఫ్ట్ 365లో 400 దాకా. అడ్మిన్ పేజీలో ఎలియాస్ చేర్చాక అది పని చేయడానికి ఒక్కోసారి 24 గంటలు పడుతుంది, కంగారు పడకండి. జవాబు కూడా ఆ పేరుతోనే వెళ్లాలంటే ఇంకో పని ఉంది. జీమెయిల్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్ ట్యాబ్ తెరిచి, ‘సెండ్ మెయిల్ యాజ్’ దగ్గర ఆ పేరు చేర్చాలి. ఇది మరిచిపోతే కస్టమర్ అకౌంట్స్‌కు రాస్తాడు, జవాబు మాత్రం మీ తమ్ముడి పేరు మీద వెళుతుంది.

ఇద్దరు ముగ్గురు చూడాల్సిన ఆర్డర్స్, సేల్స్ లాంటి పేర్లకు గ్రూపు పెట్టుకోండి. దానికీ లైసెన్సు లేదు. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. గూగుల్‌లో గ్రూపు కొత్తగా పెట్టినప్పుడు సాధారణంగా మీ సంస్థలో ఉన్నవాళ్లే దానికి రాయగలరు. బయటి కస్టమర్ రాస్తే మెయిల్ తిరిగి వెళ్లిపోతుంది, ఆ సంగతి మీకు తెలియదు కూడా. గ్రూపు సెట్టింగ్స్‌లో ఎవరు పోస్ట్ చేయవచ్చు అనే చోట ‘ఎనీవన్ ఆన్ ద వెబ్’ ఎంచుకుని, వెంటనే మీ సొంత జీమెయిల్ నుంచి ఒక మెయిల్ కొట్టి చూడండి. అది గ్రూపులో ఉన్న అందరికీ వచ్చాకే ఆ ఐడీని విజిటింగ్ కార్డు మీద వేయించండి.

మైక్రోసాఫ్ట్‌లో ఇదే పనికి షేర్డ్ మెయిల్‌బాక్స్ ఉంది. 50 జీబీ దాటనంత వరకు దానికి లైసెన్సు అడగరు. స్టాఫ్ తమ లాగిన్ నుంచే దాన్ని తెరుస్తారు.

‘ఒక్క లైసెన్సు కొని పాస్‌వర్డ్ నలుగురం పంచుకుంటే పోలా’ అనిపించవచ్చు. పోదు. ఓటీపీ ఒక్కరి ఫోనుకే వస్తుంది. ఆయన తిరుపతి వెళ్లిన రోజున మిగతావాళ్లు బయటే. ఆర్డర్ మెయిల్ ఎవరు డిలీట్ చేశారో ఎప్పటికీ తేలదు. మనిషి మానేసిన ప్రతిసారీ అందరికీ కొత్త పాస్‌వర్డ్ చెప్పుకోవాలి.

కోట్ తీసుకునేటప్పుడు ఇంకో మాట అడగండి: ఏడాది ఒప్పందమా, నెలనెలా మార్చుకోగలిగేదా? గూగుల్ ఫ్లెక్సిబుల్ ప్లాన్ ఏడాది ప్లాన్ కన్నా దాదాపు 20 శాతం ఎక్కువ. ఏడాది ప్లాన్‌లో మధ్యలో లైసెన్సులు పెంచుకోవచ్చు గానీ తగ్గించుకోలేరు. తగ్గించాలంటే రెన్యువల్ దాకా ఆగాలి. దసరా, దీపావళి సీజన్‌కు ముగ్గురిని అదనంగా పెట్టుకుని సంక్రాంతికి పంపేసే షాపులు ఏడాది ప్లాన్‌లో వాళ్లకు లైసెన్సులు కొనకుండా గ్రూపులతో నెట్టుకురావడమే మేలు.

ఇంకా తక్కువలో కావాలంటే చెన్నై కంపెనీ జోహో ఉంది. దాని ఉచిత ప్లాన్‌లో ఒక డొమైన్‌కు అయిదుగురు యూజర్లు, మనిషికి 5 జీబీ. మీ నలుగురికీ సరిపోతుంది. చిక్కు ఒకటే, అందులో ఐమ్యాప్, పాప్ (మెయిల్‌ను వేరే యాప్‌లోకి తెచ్చుకునే పద్ధతులు) ఉండవు. బ్రౌజర్‌లోనో జోహో సొంత యాప్‌లోనో చూసుకోవాలి. కౌంటర్ కంప్యూటర్‌లో అవుట్‌లుక్ వాడటం అలవాటైతే డబ్బు కట్టే ప్లాన్‌కు వెళ్లక తప్పదు. అది ఏడాదికి ఒకేసారి కడితే మనిషికి నెలకు 60 రూపాయల దగ్గర మొదలవుతుంది.

ప్రశ్న: మారతహళ్లిలో రెండు పీజీ హాస్టళ్లు నడుపుతున్నాం. వెబ్‌సైట్ హోస్టింగ్‌తో పాటు మెయిల్ ఉచితమన్నారు. మేం పంపే రసీదులు, అడ్వాన్స్ వివరాలు పిల్లల జీమెయిల్‌లో స్పామ్‌లో పడుతున్నాయి. సైట్‌లో ఎంక్వయిరీ ఫారం నింపినవాళ్ల మెయిళ్లు మాకు సగం రావడం లేదు. మెయిల్ సర్వీసు మార్చాలా?

జవాబు: మార్చినా పోని జబ్బులు ఇందులో రెండున్నాయి, మారిస్తే పోయేది ఒకటి. ముందు ఏది ఏదో చూడాలి.

మీ హాస్టల్ ఐడీ నుంచి ఒక జీమెయిల్‌కు మెయిల్ పంపండి. కంప్యూటర్‌లో ఆ మెయిల్ తెరిచి, కుడి వైపు మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ ఎంచుకోండి. పైన ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు వరుసలు కనిపిస్తాయి, వాటి పక్కన పాస్ అనో ఫెయిల్ అనో ఉంటుంది. మూడూ పాస్ అయి కూడా స్పామ్‌లో పడితే ఐపీ (పంపే సర్వర్ నంబరు) చెడ్డపేరో, మీరు పంపే తీరో కారణం. ఫెయిల్ ఉన్నా, అసలు వరుసే లేకపోయినా ముందు ఆ పని చూడండి.

ఎస్పీఎఫ్ అంటే మా పేరుతో మెయిల్ పంపడానికి ఏ సర్వర్లకు అనుమతి ఉందో చెప్పే జాబితా. ఇది డీఎన్ఎస్‌లో, అంటే మీ డొమైన్ వివరాలు లోకానికి చెప్పే పట్టికలో, టెక్స్ట్ రికార్డుగా ఉంటుంది. ఒక డొమైన్‌కు ఒకటే ఉండాలి. హోస్టింగ్ వాళ్లు ఒకటి పెట్టి ఉంటారు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లు చెప్పారని మీరు ఇంకోటి చేర్చి ఉంటారు. రెండు ఉన్నాయంటే రెండూ చెల్లవు. రెండింటిలోని ‘ఇన్‌క్లూడ్’ భాగాల్ని ఒకే వరుసలోకి తెచ్చి, రెండోదాన్ని తీసేయండి. ఆ వరుసను విప్పి చదవడానికి చేసే డీఎన్ఎస్ వెతుకులాటలు పది దాటకూడదన్నది నియమం. ఒక్కో ఇన్‌క్లూడ్ లోపల మళ్లీ మూడు నాలుగు ఉండవచ్చు కాబట్టి వాడని సర్వీసుల పేర్లు తీసేస్తూ ఉండాలి.

డీకిమ్ ప్రతి మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం. దాని తాళంచెవి 2048 బిట్లది అయితే డీఎన్ఎస్‌లో ఒక ముక్కకు ఉన్న 255 అక్షరాల హద్దు దాటుతుంది. మంచి హోస్టింగ్ ప్యానెళ్లు (సెట్టింగ్స్ పేజీలు) దాన్ని తామే రెండు ముక్కలు చేస్తాయి, కొన్ని మధ్యలో నరికేస్తాయి. నరికితే సంతకం సరిపోలదు. మీ ప్యానెల్ అలాంటిదైతే 1024 బిట్ల తాళంచెవి తీసుకోండి. రికార్డు పేరు దగ్గర కూడా జాగ్రత్త. చాలా ప్యానెళ్లు మీరు రాసిన పేరు చివర డొమైన్‌ను తామే అతికిస్తాయి. మీరు కూడా పూర్తిగా రాస్తే డొమైన్ రెండుసార్లు పడి రికార్డు ఎవరికీ కనపడదు. డీమార్క్ అంటే ఈ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో అందుకునే సర్వర్లకు చెప్పే రికార్డు. అది పెట్టేటప్పుడు కూడా ఇదే తప్పు జరుగుతుంది. డీమార్క్‌ను మొదట ‘నన్’ (ఏమీ చేయొద్దు) విధానంతో పెట్టి, రిపోర్టులు ఒక మెయిల్ ఐడీకి తెప్పించుకోండి. మూడు నాలుగు వారాలు చూసి, మీ సొంత మెయిళ్లన్నీ పాస్ అవుతున్నాయని తేలాకే ‘క్వారంటైన్’కు (స్పామ్‌లో వేయండి) మార్చండి.

ఇక ఫారం సంగతి. ఎంక్వయిరీ ఫారాల్లో చాలావాటికి ఒక పాడు అలవాటు ఉంది. ఫారం నింపిన కుర్రాడి జీమెయిల్ ఐడీనే ‘ఫ్రం’లో పెట్టి మీకు పంపుతాయి. అంటే మీ హోస్టింగ్ సర్వర్ జీమెయిల్ పేరుతో మెయిల్ పంపుతోందన్నమాట. అందుకునే సర్వర్ దాన్ని దొంగ మెయిల్ అనుకోవడంలో తప్పేముంది? ఫారం సెట్టింగ్స్‌లో ఫ్రం దగ్గర మీ డొమైన్ ఐడీ పెట్టి, కుర్రాడి ఐడీని ‘రిప్లై టు’లో వేయించండి. మీరు రిప్లై కొడితే అతనికే వెళుతుంది.

ఈ రెండూ ఏ కంపెనీకి మారినా మీ వెంట వచ్చేవి. మారితే పోయేది షేర్డ్ ఐపీ సమస్య. చవక హోస్టింగ్‌లో ఒకే ఐపీ నుంచి వందల సైట్ల మెయిళ్లు వెళతాయి. వాటిలో ఒకటి హ్యాక్ అయి చెత్త పంపినా ఆ ఐపీ స్పామ్‌హౌస్ లాంటి నిరోధక జాబితాల్లోకి ఎక్కుతుంది, మీ రసీదులు కూడా అందులో చిక్కుకుంటాయి. పైగా ఉచితం అన్న మెయిల్‌కు గంటకు ఇన్ని అని పంపే లిమిట్ ఉంటుంది. అది ప్రకటనలో కాక షరతుల పేజీలో ఉంటుంది. నెల మొదటి తారీఖున అందరికీ ఒకేసారి రసీదులు పంపే పీజీకి అదే మొదట తగులుతుంది.

ఒకవేళ వేరే సర్వీసుకు మారితే ఎమ్మెక్స్ రికార్డు (మీ మెయిల్ ఏ సర్వర్‌కు చేరాలో చెప్పేది) మార్చడంతో పని అయిపోదు. హోస్టింగ్ ప్యానెల్ సీప్యానెల్ అయితే, అందులో ఈమెయిల్ రౌటింగ్ అనే చోట ‘రిమోట్ మెయిల్ ఎక్స్‌చేంజర్’ ఎంచుకోండి. లేకపోతే హోస్టింగ్ సర్వర్ మీ డొమైన్ మెయిల్ ఇంకా తన దగ్గరే ఉందనుకుని, ఫారం మెయిళ్లను పాత మెయిల్‌బాక్స్‌లోనే వేస్తూ పోతుంది. లోకం మొత్తం నుంచి మెయిళ్లు వస్తాయి, మీ సొంత సైట్ నుంచి మాత్రం రావు.

గూగుల్‌కు వెళితే డీకిమ్ దానంతట అదే వస్తుందనుకోకండి. మీరు ఏమీ చేయకపోతే గూగుల్ తన సొంత డొమైన్‌తో సంతకం చేస్తుంది. అది మీ డొమైన్‌తో కలవదు కాబట్టి డీమార్క్‌కు పనికి రాదు. అడ్మిన్ కన్సోల్‌లో డీకిమ్ తాళంచెవి తయారు చేసి, డీఎన్ఎస్‌లో పెట్టి, మళ్లీ వెనక్కి వచ్చి ‘స్టార్ట్ ఆథెంటికేషన్’ నొక్కాలి. ఆ చివరి నొక్కుడు మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో మాది చిన్న స్టార్టప్. వర్క్‌స్పేస్ తీసుకున్న రెండో వారంలో 3,000 మంది కస్టమర్లకు ఒక ఐడీ నుంచి మెయిల్ పంపబోతే మధ్యలో ఆగిపోయింది. 24 గంటలు పంపలేమంది. 2,000 దాకా పంపవచ్చని చదివాం, అంత కూడా వెళ్లలేదు.

జవాబు: ఆ 2,000 డబ్బు కట్టే పాత ఖాతాలకు. ట్రయల్‌లో ఉన్న ఖాతాకు రోజుకు 500 మాత్రమే. ట్రయల్ దాటినా, మీ డొమైన్ మొత్తం మీద కట్టిన సొమ్ము 100 డాలర్లకు సమానమై, ఆ పైన 60 రోజులు గడిస్తేనే లిమిట్ పెరుగుతుంది. ఈ లెక్క తేదీ మారగానే సున్నా కాదు, గడిచిన 24 గంటలను లెక్కలోకి తీసుకుంటుంది. రాత్రి 11కి వెయ్యి పంపి, 12 దాటగానే ఇంకో వెయ్యి అనే చిట్కా పనిచేయదు. ఆగినంతసేపు మెయిళ్లు రావడం మాత్రం ఆగదు.

మైక్రోసాఫ్ట్‌లో హద్దు వేరు: ఒక మెయిల్‌బాక్స్ నుంచి రోజుకు 10,000 మంది గ్రహీతలు, నిమిషానికి 30 మెయిళ్లు. సంఖ్య పెద్దగా కనిపిస్తుందని అటు మారకండి. ఉద్యోగుల మెయిల్‌బాక్స్ నుంచి ప్రచారం పంపడమే అసలు తప్పు. పది మంది స్పామ్ అని నొక్కితే దెబ్బ మీ ఇన్వాయిసులకు, ఇంటర్వ్యూ మెయిళ్లకు కూడా తగులుతుంది.

ఈ పనికి వేరే సర్వీసులున్నాయి. అమెజాన్ ఎస్ఈఎస్‌కు ముంబయి రీజియన్ ఉంది, ధర వెయ్యి మెయిళ్లకు 10 సెంట్లు. మీ 3,000కు 30 సెంట్లు. మొదట శాండ్‌బాక్స్‌లో ఉంచుతారు: రోజుకు 200, అదీ మీరు ముందే ధ్రువీకరించిన ఐడీలకే. ఏం పంపుతారో, చిరునామాలు ఎలా వచ్చాయో, వద్దన్నవాళ్లను ఎలా తీసేస్తారో రాసి అడిగితే బయటికి వదులుతారు. ‘మార్కెటింగ్ కోసం’ అని ఒక్క ముక్క రాస్తే తిరస్కరిస్తారు. పంపడానికి అసలు డొమైన్ కాక న్యూస్ అనో అప్‌డేట్స్ అనో ఒక సబ్‌డొమైన్ (డొమైన్ ముందు చేర్చే ఉపపేరు) పెట్టుకోండి. మొదటి రోజు 200, తర్వాత 400, ఇలా పెంచుకుంటూ పోండి.

జీమెయిల్‌కు రోజుకు 5,000 దాటి పంపేవాళ్లకు 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నియమాలు గట్టిగా ఉన్నాయి. ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలి, ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ ఉండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదు. అంటే వెయ్యికి మూడు. అవుట్‌లుక్ డాట్ కామ్ కూడా 2025 మే నుంచి ఎక్కువ పంపేవాళ్లకు ఆ మూడు రికార్డులు తప్పనిసరి చేసింది. కొన్న లిస్టుతో ఆ హద్దులో ఉండటం జరిగే పని కాదు.

ప్రశ్న: ఇంటీరియర్ పని చేస్తాను. 22 ఎంబీ పీడీఎఫ్ జీమెయిల్ నుంచి వెళ్లింది గానీ క్లయింటు ఆఫీసు సర్వర్ తిప్పికొట్టింది. వాళ్లేమో మా లిమిట్ 25 ఎంబీ అంటున్నారు. ఎవరిది తప్పు?

జవాబు: ఇద్దరిదీ కాదు. మెయిల్‌లో ఫైలు ఉన్నదున్నట్టు వెళ్లదు, అక్షరాలుగా మారి వెళుతుంది. ప్రతి మూడు బైట్లకు నాలుగు అక్షరాలు, పైన లైను చివరలు కలిపి దాదాపు 37 శాతం బరువు పెరుగుతుంది. మీ 22 ఎంబీ దారిలో 30 అయింది. జీమెయిల్ చెప్పే 25 ఎంబీ ఫైలు సైజు, వాళ్ల సర్వర్ చెప్పే 25 మారిన తర్వాతి బరువు. 18 ఎంబీ దాటితే లింకు పంపండి.

ప్రశ్న: జయనగర్‌లో సీఏ ఆఫీసు. హోస్టింగ్ మెయిల్‌లో 40 జీబీ పాత మెయిళ్లు ఉన్నాయి. మెయిల్‌బాక్స్ నిండిందని కొత్తవి వెనక్కి పోతున్నాయి. వర్క్‌స్పేస్‌కు మారాలనుకుంటున్నాం. ఒక్క మెయిలూ పోకూడదు. స్టార్టర్ ప్లాన్ చాలా?

జవాబు: స్టార్టర్‌లో మనిషికి 30 జీబీ, అది అందరికీ కలిపిన ఉమ్మడి నిల్వ. అయిదుగురు ఉంటే 150 జీబీ. అందులో ఒకరు 40 వాడినా ఇబ్బంది లేదు. డ్రైవ్ ఫైళ్లు కూడా అందులోనే పడతాయని గుర్తుంచుకోండి. ఒక్కరే ఉన్నారంటే స్టార్టర్ చాలదు, 2 టీబీ ఇచ్చే స్టాండర్డ్‌కు వెళ్లాలి, లేదా ముందు పాతవి తగ్గించాలి. తగ్గించడం అంటే ముందు పంపిన మెయిళ్ల ఫోల్డర్ చూడండి. మీరు పంపిన ప్రతి రిటర్న్ కాపీ, ప్రతి స్కాన్ అక్కడే పేరుకుని ఉంటుంది.

మార్చే క్రమం ఇది. ఒక రోజు ముందే డీఎన్ఎస్‌లో ఎమ్మెక్స్ రికార్డు టీటీఎల్‌ను (పాత వివరాన్ని ఇతర సర్వర్లు గుర్తుంచుకునే సమయాన్ని) 300 సెకన్లకు దించండి. సీప్యానెల్‌లో సాధారణంగా 14,400 ఉంటుంది, అంటే నాలుగు గంటలు. కొత్త చోట అందరి యూజర్లు, ఎలియాస్‌లు, గ్రూపులు అన్నీ తయారు చేసుకోండి. ఎమ్మెక్స్ మార్చాక ఏ పేరు లేకపోయినా ఆ పేరుకు వచ్చిన మెయిల్ అప్పటికప్పుడే వెనక్కి పోతుంది. తర్వాత అడ్మిన్ కన్సోల్‌లోని డేటా మైగ్రేషన్‌తో పాతవి ఐమ్యాప్ ద్వారా లాగించండి. ఎక్కువ భాగం వచ్చాక ఎమ్మెక్స్ మార్చండి. గూగుల్‌కు ఇప్పుడు ఒకే ఎమ్మెక్స్ రికార్డు చాలు. పాత అయిదు రికార్డులు వాడుతున్నవాళ్లు మార్చనక్కర్లేదు. పాత హోస్టింగ్ రికార్డు మాత్రం పూర్తిగా తీసేయాలి. ‘ఉండనీలే, బ్యాకప్‌గా’ అని వదిలితే కొన్ని మెయిళ్లు అక్కడికే పోతాయి. రెండు రోజుల తర్వాత మైగ్రేషన్ మళ్లీ ఒకసారి నడిపితే మధ్యలో పాత చోట పడినవి కూడా వస్తాయి. పాత హోస్టింగ్‌ను కనీసం నెల రోజులు ఉంచండి.

థండర్‌బర్డ్‌లో రెండు ఖాతాలూ తెరిచి ఫోల్డర్లను లాగి వేద్దామని ఎవరైనా చెబితే వినకండి. జీమెయిల్‌లోకి ఐమ్యాప్ ద్వారా ఎక్కించేది రోజుకు 500 ఎంబీ దాటనివ్వరు. 40 జీబీకి 80 రోజులు పడుతుంది. పాప్ అయితే ఇంకా ప్రమాదం, అది ఇన్‌బాక్స్ తప్ప వేరే ఫోల్డర్లను చూడదు, పైగా దించుకున్నాక సర్వర్ నుంచి తుడిచే సెట్టింగ్‌తో ఉండవచ్చు.

ఎమ్మెక్స్ మార్చే గంటలో ఏదైనా తడబడినా మరీ భయపడనక్కర్లేదు. అందుకునే సర్వర్ కొంతసేపు దొరక్కపోతే పంపే సర్వర్లు మామూలుగా నాలుగైదు రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి. ఓటీపీలకు మాత్రం ఆ ఊరట లేదు, పది నిమిషాల తర్వాత వచ్చినది వృథా. క్లయింట్ల పోర్టల్ ఐడీలకు మీ ఆఫీసు మెయిల్ ఇచ్చి ఉంటే జీఎస్టీ రిటర్నుల 11, 20 తారీఖులకు, ఆదాయపు పన్ను రిటర్నుల జులై 31కి దగ్గరలో ఈ పని పెట్టుకోకండి.

ప్రశ్న: హోస్టింగ్ మెయిల్‌ను మామూలు ఉచిత జీమెయిల్‌లోకి పాప్‌తో లాగించుకుని చూస్తున్నాను. ఇలాగే కొనసాగవచ్చా?

జవాబు: వెబ్ జీమెయిల్‌లో వేరే ఖాతాల మెయిల్‌ను పాప్‌తో తెచ్చుకునే ఆ సదుపాయాన్ని 2026 నుంచి ఆపేస్తున్నట్టు గూగుల్ ప్రకటించింది. ఫోనులో జీమెయిల్ యాప్‌కు ఐమ్యాప్ ఖాతాగా చేర్చుకుని చూడవచ్చు. హోస్టింగ్ నుంచి జీమెయిల్‌కు ఫార్వర్డ్ పెట్టడం రెండో దారి. కానీ ఫార్వర్డ్ అయిన మెయిల్ అసలు పంపినవారి సర్వర్ నుంచి కాక మీ సర్వర్ నుంచి వస్తుంది కాబట్టి ఎస్పీఎఫ్ తప్పుతుంది, బ్యాంకు మెయిళ్లు కొన్ని స్పామ్‌లో పడతాయి. మీకు వచ్చే చెత్త కూడా మీ సర్వర్ పేరు మీదే జీమెయిల్‌కు చేరుతుంది, అది దానికి ఇంకో మచ్చ.

ప్రశ్న: ఏడాది బిల్లు ఆటో డెబిట్ పెట్టాం. కార్డులో డబ్బుంది. అయినా పేమెంట్ ఫెయిల్ అయి మెయిల్ ఆగింది. అలాగే జీఎస్టీ క్రెడిట్ ఎలా తీసుకోవాలి?

జవాబు: బిల్లు 15,000 రూపాయలు దాటిందా? రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం ఇలాంటి ఆటో డెబిట్ ఓటీపీ లేకుండా జరిగేది ఆ మొత్తం దాకానే. అంతకు ముందు 5,000 ఉండేది, 2022 జూన్‌లో పెంచారు. దాటితే ప్రతిసారీ మీరే ఆమోదించాలి. డెబిట్‌కు కనీసం 24 గంటల ముందు బ్యాంకు సందేశం పంపుతుంది. అది పాత ఉద్యోగి ఫోనుకు పోతుంటే ఎవరికీ తెలియదు. పైన చిక్‌పేట పాఠకుడి తొమ్మిది లైసెన్సుల బిల్లు ఈ గీత దాటేది, నాలుగింటిది దాటదు. పెద్ద బిల్లులున్నవాళ్లు గడువుకు వారం ముందే లాగిన్ అయి చేత్తో కట్టేయండి.

క్రెడిట్ కావాలంటే బిల్లింగ్ పేజీలో మీ జీఎస్టీ నంబరు మొదటి ఇన్వాయిసుకు ముందే ఎక్కించండి. తమిళనాడు నుంచి బిల్లు ఇచ్చే జోహో, బెంగళూరు వ్యాపారికి ఐజీఎస్టీ 18 శాతం వేస్తుంది. మీ బిల్లింగ్ చిరునామాలో పొరపాటున చెన్నై బ్రాంచి ఉంటే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడి కర్ణాటక రిజిస్ట్రేషన్‌లో ఆ క్రెడిట్ దొరకదు. ఇక్కడ రిజిస్టర్ కాని విదేశీ సర్వీసు డాలర్లలో చవకగా దొరికిందని తీసుకుంటే, జీఎస్టీ ఉన్న వ్యాపారి రివర్స్ చార్జి కింద 18 శాతం తానే కట్టాలి. కార్డు మీద విదేశీ మారకపు రుసుము అదనం.

ప్రశ్న: మానేసిన ఉద్యోగి ఐడీని సస్పెండ్ చేశాం. బిల్లు తగ్గలేదేం?

జవాబు: గూగుల్‌లో సస్పెండ్ చేసినా లైసెన్సుకు డబ్బు పడుతూనే ఉంటుంది. డిలీట్ చేస్తే ఆగుతుంది, అదీ ఫ్లెక్సిబుల్ ప్లాన్ అయితేనే. ఏడాది ప్లాన్‌లో ఆ లైసెన్సు కొత్తగా వచ్చినవాళ్లకు ఇవ్వాలి. డిలీట్ చేసే ముందు డ్రైవ్ ఫైళ్లను వేరొకరికి బదిలీ చేసి, మెయిళ్లను ఎగుమతి చేసుకోండి, తర్వాత ఆ పేరును మేనేజర్‌కు ఎలియాస్‌గా పెట్టండి. తొందరపడి డిలీట్ చేసినవాళ్లకు గూగుల్‌లో 20 రోజులు, మైక్రోసాఫ్ట్‌లో 30 రోజులు వెనక్కి తెచ్చుకునే గడువుంది. మైక్రోసాఫ్ట్‌లో ఇంకా సులువు: లైసెన్సు తీసే ముందు ఆ మెయిల్‌బాక్స్‌ను షేర్డ్‌గా మారిస్తే చాలు.

ప్రశ్న: ఇంటిపేరుతో డొమైన్ కొన్నాను. మేం నలుగురం, ఉత్తరాలు తక్కువ. గూగుల్ ఒకప్పుడు ఉచితంగా ఇచ్చేదట కదా?

జవాబు: ఇచ్చేది. 2012 డిసెంబరులో కొత్తవాళ్లకు ఆపేసింది. అప్పటికే ఉన్నవాళ్లు 2022లో కోరితే సొంత వాడకానికి అలాగే ఉండనిచ్చింది. ఇప్పుడు ఆ దారి మూసుకుంది.

ఇంట్లో అందరివీ ఐఫోన్లయితే ఐక్లౌడ్ ప్లస్ చూడండి. నెలకు 75 రూపాయల 50 జీబీ ప్లాన్‌తోనే సొంత డొమైన్ పెట్టుకోవచ్చు: అయిదు డొమైన్ల దాకా, ఒక్కో డొమైన్ మీద మనిషికి మూడు ఐడీలు. కాకపోతే జోహో ఉచిత ప్లాన్. మెయిల్ అందుకుంటే చాలు, పంపేది మామూలు జీమెయిల్ నుంచే అనుకుంటే క్లౌడ్‌ఫ్లేర్ ఈమెయిల్ రౌటింగ్ ఉచితం. కానీ అది తపాలా డబ్బా లాంటిది, అక్కడి నుంచి పంపలేరు, డొమైన్ డీఎన్ఎస్ కూడా వాళ్ల దగ్గరే ఉండాలి. స్విట్జర్లాండ్‌కు చెందిన మిగాడు లాంటి కొన్ని సర్వీసులు మనుషుల లెక్కన కాక రోజుకు ఎన్ని పంపుతారు, ఎన్ని అందుకుంటారు అనే లెక్కన డబ్బు తీసుకుంటాయి. పేర్లు ఎక్కువ, ఉత్తరాలు తక్కువ ఉన్న ఇంటికి అది నప్పుతుంది. పెళ్లి శుభలేఖలు అందరికీ ఒకే రోజు పంపితే మాత్రం హద్దు దాటుతుంది.

ఏ పేరుకు వచ్చినా పట్టుకునే క్యాచ్ ఆల్ పెట్టకండి. నోటికొచ్చిన పేర్లకు పంపే చెత్తంతా మీ ఇన్‌బాక్స్‌లోకే వస్తుంది.

ప్రశ్న: మా డొమైన్ సైట్ చేసిన అబ్బాయి పేరు మీద ఉంది. ఫోను ఎత్తడం లేదు. మెయిల్ మాత్రం ఇప్పటికి పనిచేస్తోంది.

జవాబు: గడువు తేదీ ఈ రోజే చూడండి. డొమైన్ ఎవరి పేరున ఉంటే మెయిల్ తాళం వాళ్ల చేతిలోనే, లైసెన్సులకు మీరు ఎంత కట్టినా. డాట్ కామ్ అయితే గడువు తీరాక రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన కంపెనీ) 45 రోజుల దాకా ఆగవచ్చు, ఆగకపోవచ్చు కూడా. ఆపైన 30 రోజుల రిడెంప్షన్ (విడిపించుకునే) గడువులో రుసుము బాగా ఎక్కువ. మెయిల్ మాత్రం గడువు దాటిన కొద్ది రోజులకే ఆగిపోతుంది.

అతను దొరికితే అడగాల్సింది ఒక్కటే: డొమైన్‌ను మీ పేరున ఉన్న రిజిస్ట్రార్ ఖాతాలోకి నెట్టడం. అదే కంపెనీలో అయితే నిమిషాల పని. వేరే కంపెనీకైతే లాక్ తీసి ఆథ్ కోడ్ (బదిలీకి కావాల్సిన రహస్య సంకేతం) ఇవ్వాలి. డాట్ కామ్‌ను కొని లేదా ఒకసారి మార్చి 60 రోజులు కాకపోతే కదలదు. అతను దొరక్కపోతే డొమైన్‌కు, సైట్‌కు మీరు డబ్బిచ్చిన బిల్లులు, బ్యాంకు కాగితాలు, వ్యాపార రిజిస్ట్రేషన్ పత్రం జతచేసి రిజిస్ట్రార్‌కు రాయండి. వాళ్లు ఒప్పుకోకపోతే లాయరు నోటీసే.

చేతికి వచ్చాక రిజిస్ట్రార్ ఖాతాకు ఆ డొమైన్ మెయిల్ ఐడీనే ఇవ్వకండి. గడువు దాటితే ‘రెన్యువల్ చేయండి’ అనే మెయిల్ ఆగిపోయిన మెయిల్‌బాక్స్‌కే వస్తుంది. ఒక మామూలు జీమెయిలూ, మీ సొంత ఫోను నంబరూ పెట్టండి.